తాళం చెవి ఎవరి జేబుల ఉన్నది? స్లాషర్, కట్టె మిషన్ల మీద మీ ప్రశ్నలకు జవాబులు

పత్తి ఆఖరి ఏరుడు అయిపోయింది, చెల్కలల్ల కట్టె నిలబడి ఉన్నది, మామిడి తోటలోల్లు కూడ కాయ దిగేలోపు కింద గడ్డి కొట్టుకోవాలని చూస్తున్నరు. అందుకే ఈ నెల వచ్చిన ప్రశ్నలల్ల సగానికి సగం ట్రాక్టర్ ఎనుక తగిలిచ్చి, కింద తిరిగే బ్లేడ్లతోని గడ్డి, కట్టె కొట్టే స్లాషర్ల మీదనే. ఇదివరకు కూలోల్లు కట్టె పీకి కుప్పేసి కాలబెట్టేది. ఇప్పుడు గులాబీ రంగు పురుగు వచ్చినంక సంగతి మారింది, ఒడ్డు మీద కుప్పేసిన కట్టెల మిగిలిన గుడ్డికాయలల్ల పురుగు దాక్కుని మళ్ళ వానకాలం పంట మీదికి వస్తదని, ఏరుడు అయిపోంగనే కట్టెను ముక్కలు కొట్టి భూమిల కలపాలని వ్యవసాయ శాఖోల్లు చెప్తున్నరు. మంచి మాటనే. కాకపోతే ఎన్నడు ఈ మిషన్ ముట్టనోల్లు కూడ ఇప్పుడు సెకండ్ హ్యాండ్ల కొని నడుపుతున్నరు, రిపేరు సొంతంగ చేసుకుంటున్నరు. భయం అక్కడనే ఉన్నది. నేను ఇరవై ఏండ్ల సంది ఈ సామాన్లే బాగు చేస్తున్న, నా కాడికి వచ్చిన మిషన్లల్ల కొన్నిటి మీద రక్తం మరకలు కూడ చూసిన, అందుకే ఈసారి జవాబులు జర పొడుగైనయి, ఓపికతోని చదువుండ్రి.

ప్రశ్న: సార్ నమస్తే. మాది పరకాల దగ్గర. పోయినేడు పాత స్లాషర్ కొన్నం. డ్రిప్ పైపు ముక్కలు, జీఐ వైరు, సంచుల దారాలు బ్లేడ్ల కింద చుట్టుకుంటున్నయి, గంటకోసారి తీయాల్సి వస్తుంది. బ్యాటరీ వీక్ ఉన్నది, ఇంజన్ బంద్ చేస్తే మళ్ళ స్టార్ట్ అయితలేదు. అందుకే మా తమ్ముడు సీట్ల కూసుండి పీటీఓ (ఇంజన్ బలాన్ని ఎనుక మిషన్ కు ఇచ్చేది) లీవర్ తీసి పట్టుకుంటడు, నేను కిందికి వంగి తీస్తున్న. ఇట్ల చేయొచ్చా?

జవాబు: వద్దు తమ్మీ. ఇయ్యాల్టి సంది బంద్ పెట్టు. మీ తమ్ముడు ఎంత మంచోడైనా, ఎంత జాగ్రత్తగ కూసున్నా సరే. ఫోన్ మోగితే తిరిగి చూస్తడు, కందిరీగ కుడితే కాలు లేపుతడు, సీట్లకెళ్ళి దిగబోయి లుంగీ లీవర్ కు తట్టుకుంటది. పాత ట్రాక్టర్లల్ల పీటీఓ లీవర్ అరిగి ఉంటది, న్యూట్రల్ల పెట్టినా ఇంజన్ వణుకుడుకు మెల్లగ జారి గేర్ పళ్ళల్ల పడ్డది నేను కండ్లార చూసిన. నీ చెయ్యి అప్పుడు ఎక్కడుంటది చెప్పు.

నీ ఉత్తరం రెండు సార్లు చదివిన, అసలు రోగం బ్యాటరీ కాడ ఉన్నది. బ్యాటరీ వీక్ ఉన్నది కాబట్టి ఇంజన్ ఆపుతలేవు, ఇంజన్ ఆపుతలేవు కాబట్టి తిరిగే మిషన్ కింద చెయ్యి పెడుతున్నవు. కట్టె కొట్టుడు తర్వాత, ముందుగాల బ్యాటరీ సంగతి చూడు. టర్మినళ్ళు గీకి శుభ్రం చేసి, నీళ్ళు పోసి, ఛార్జింగ్ పెట్టి చూడు, అప్పటికీ పట్టకపోతే మార్చు. సెల్ఫ్ మోటర్ బుష్షులు కూడ అరిగి ఉండొచ్చు, అది కూడ చూపియ్యి.

ఇగ తీసే పద్ధతి. ముందు పీటీఓ తియ్యి. తియ్యంగనే దిగకు, సీట్లనే కూసో. పీటీఓ తీసినా కింద బ్లేడ్లు ఊపు మీద తిరుగుతనే ఉంటయి, మిషన్ ను బట్టి అర నిమిషం దాక కూడ. చప్పుడు పూర్తిగ ఆగినంక లిఫ్ట్ లేపు, హ్యాండ్ బ్రేక్ వెయ్యి, ఇంజన్ ఆపు. ఇక్కడ ఒక ముచ్చట చానమంది మర్చిపోతరు, పాత ట్రాక్టర్లల్ల తాళం చెవి తిప్పితే ఇంజన్ ఆగది, డీజిల్ బంద్ చేసే స్టాప్ నాబ్ గుంజాలె. అట్లాంటి బండి అయితే నాబ్ గుంజి, ఇంజన్ పూర్తిగ ఆగినంక తాళం చెవి తీసి జేబుల వేసుకో. నీ జేబుల, మీ తమ్ముని జేబుల కాదు. కిందికి ఎవడు పోతడో చెవి వానికాడనే ఉండాలె.

తర్వాత మిషన్ ఫ్రేమ్ కింద రెండు పక్కల గట్టి చెక్క మొద్దులు పెట్టు, తుమ్మవో వేపవో, వెడల్పుగ ఉండాలె, పెట్టేటప్పుడు పక్కకెళ్ళి తోయాలె గని కింద దూరొద్దు. ఇటుకలు పెట్టకు, సిమెంట్ ఇటుక కూడ వద్దు, బరువు పడంగనే చెప్పకుండ పగులుతది. మొద్దులు పెట్టినంక లిఫ్ట్ లీవర్ కిందికి అను, బరువంత మొద్దుల మీద కూసుంటది. అప్పుడు లిఫ్ట్ జారినా ఏం కాదు. ఎందుకంటే లిఫ్ట్ అనేది ఆయిల్ మీద నిలబడ్డ బరువు, లోపలి రబ్బరు ఓ-రింగ్ పోయినా, పిల్లగాడు వచ్చి లీవర్ ముట్టుకున్నా ధడేల్న కింద పడతది. లిఫ్ట్ ను నమ్మి దాని కింద తల పెట్టినోల్లు మన దిక్కు కూడ ఉన్నరు, వాళ్ళ సంగతి మల్ల చెప్పుకునే అవసరం రావొద్దు.

చుట్టుకున్నదాన్ని చేత్తోని గుంజకు. జీఐ వైరు స్ప్రింగ్ లెక్క బిగుసుకుని ఉంటది, కొస వదలంగనే కొట్టుకుంటది, కండ్లకు తగిలితే కన్ను పోతది. తోలు గ్లౌజులు, కండ్లద్దాలు పెట్టుకుని కటింగ్ ప్లేయర్ తోని ముక్కలు ముక్కలుగ కత్తిరించి తియ్యి. బ్లేడును చేత్తోని తిప్పాల్సి వస్తే జాగ్రత్త, ఒక దిక్కు బ్లేడు కదిలిస్తే అవతలి బ్లేడు కూడ కదులుతది.

ఇంకోటి, గంటకోసారి చుట్టుకుంటుందంటే చెల్క చూడకుండ దిగుతున్నరన్నట్టు. పొద్దుగాల ఒక గంట నడిచి డ్రిప్ లాటరల్స్ చుట్టలు చుట్టి పక్కకు పెట్టుకుంటే, సంచులు వైర్లు ఏరుకుంటే మిగిలిన దినమంత ఆపకుండ నడుస్తది. పని సాగుతలేదన్నవు కదా, సాగే దారి ఇదే.

ప్రశ్న: అన్నా, మా మిషన్ చాన వణుకుతుంది, ట్రాక్టర్ సీటు దాక తెలుస్తుంది. ఒక బ్లేడు రాయికి కొట్టుకుని కొస ఇరిగింది, వెల్డింగ్ షాపుల ముక్క అతికిచ్చినం. అప్పటిసంది ఎక్కువైంది. (నర్సంపేట మండలం)

జవాబు: అతికిచ్చిన ఆ బ్లేడును ఇయ్యాల్నే విప్పి పక్కకు పెట్టు అన్నా, దాన్ని మల్ల ఎక్కించకు.

ఎందుకో లెక్క చెప్త, నువ్వే చూడు. బ్లేడు నిమిషానికి 900 సార్లు తిరుగుతుందనుకుందాం, అంటే సెకనుకు 15 చుట్లు. మధ్యల కెళ్ళి కొస దాక 70 సెంటీమీటర్లు ఉంటే కొస గంటకు 230 కిలోమీటర్ల పైన వేగంతోని పోతుంది. వరంగల్ నుంచి హైదరాబాద్ పోయే కార్లు కూడ అంత పోవు. ఇగ ఒక కొసకు 100 గ్రాముల బరువు ఎక్కువుందనుకో, నిలబడ్డప్పుడు ఏం తెల్వది, గని ఆ వేగంల అది సుమారు 60 కిలోల బలంతోని బయటికి గుంజుతది, సెకనుకు 15 సార్లు దిక్కు మార్చుకుంట. నీ సీటుకు తెలుస్తున్న వణుకు అదే. గేర్ బాక్స్ బేరింగులు, సీళ్ళు, ఫ్రేమ్ వెల్డింగులు అన్నిటిని అది లోపల్లోపల తింటది.

వెల్డింగ్ ఎందుకు వద్దంటే, బ్లేడు మామూలు ఇనుము కాదు, వేడి చేసి చల్లార్చి గట్టితనం తెచ్చిన స్టీలు. వెల్డింగ్ వేడి తగిలిన కాడ ఆ గుణం పోతది, అతుకు పక్కన పెళుసు అయితది. చూస్తానికి గట్టిగ ఉన్నట్టే ఉంటది. ఏదో ఒక రోజు చెల్కల ఆ ముక్క ఊడుతది, ఊడితే తుపాకి గుండు లెక్క పోతది, ఎటు పోతదో ఎవరికి తెల్వది. వెల్డింగ్ చేసినాయన తప్పు కాదు, అడిగితే అతికిండు. మనమే అడగొద్దు.

బ్లేడు మార్చేటప్పుడు ఒక్కటే మార్చొద్దు, జత మార్చాలె. పాతదొకటి కొత్తదొకటి ఉంటే మళ్ళ అదే వణుకు. కొత్తవి తెచ్చినంక కూడ నేను కిరాణం షాపుల ఎలక్ట్రానిక్ కాంటా మీద రెండు తూచి చూస్త, షాపాయన మొదట వింతగ చూసేది, ఇప్పుడు నన్ను చూడంగనే కాంటా ఖాళీ చేస్తడు. తేడా కనబడితే బరువున్నదాన్ని ఎనుక వైపు, అంటే కోసే అంచు కాని దిక్కు, కొద్దిగ గ్రైండ్ చేసి సమానం చేస్త.

సాన పెట్టేటప్పుడు మంగలి కత్తి లెక్క పలుచగ చేస్తరు కొందరు, అది రాయి తగలంగనే చిట్లుతది. కంపెనీ ఇచ్చిన వాలు అట్లనే ఉంచి, అంచు ఒక మిల్లీమీటరున్నర మందం మిగిలేటట్టు పెట్టాలె. గ్రైండర్ ఆపుకుంట ఆపుకుంట పెట్టాలె, నీలం రంగు తిరిగిందంటే ఆ కాడ గట్టితనం పోయినట్టే.

బోల్టు సంగతి మర్చిపోవద్దు. చాన స్లాషర్లల్ల బ్లేడు బోల్టు మీద ఊగుతది, రాయి తగిలితే ఎనుకకు మడుచుకునేటట్టు. ఆ బోల్టు గొంతు కాడ అరిగిందా, బ్లేడు రంధ్రం కోడిగుడ్డు లెక్క సాగిందా చూడు. సాగితే బ్లేడు గూడ పోయినట్టే లెక్క. లాక్ నట్టు విప్పిన ప్రతిసారి కొత్తది వెయ్యి. బిగించినంక ఒక గంట పని చేసి, ఇంజన్ ఆపి, చెవి జేబుల వేసుకుని మళ్ళొకసారి పానా వేసి చూడు, కొత్త బోల్టు మొదటి గంటల కొద్దిగ వదులైతది.

ప్రశ్న: పీటీఓ షాఫ్ట్ మీద ప్లాస్టిక్ కవర్ పగిలి ఊడిపోయింది. గ్రీజు పెట్టేటప్పుడు కవర్ అడ్డమే వస్తది, అందుకే మళ్ళ వేయలేదు. మా ఊర్ల ఎవ్వల షాఫ్టుకు కవర్ లేదు. కావాల్నా? (హుస్నాబాద్)

జవాబు: కావాలె. ఈ ఒక్క ప్రశ్నకు నేను ఎన్ని పేజీలైనా రాస్త.

మా బావది జగిత్యాల దిక్కు మామిడి తోట. ఆరేడేండ్ల కింద, పొద్దుగాల చలి ఉన్నదని మెడకు తువ్వాల చుట్టుకుని ఉన్నడు. గడ్డి కొడుతుంటే షాఫ్ట్ కాడ చప్పుడు వస్తుందని మిషన్ నడుస్తుండగనే పక్కన వంగి చూసిండు. కవర్ లేదు. తువ్వాల కొస క్రాస్ (షాఫ్ట్ వంగేటందుకు కొసకు ఉండే కీలు) కాడి బోల్టుకు తట్టుకుంది. అరవడానికి కూడ టైం లేదు అన్నడు తర్వాత, మెడ గుంజుకపోయి చెంప షాఫ్ట్ కు జానెడు దూరంల ఆగిందట. ఎందుకు ఆగిందంటే అది నాలుగేండ్ల పాత తువ్వాల, మధ్యల పిగిలి ఉన్నది, చినిగింది. కొత్తదైతే చినగకపోయేది. నేను పోయేసరికి షాఫ్ట్ మీద ఆ ముక్క మోకు పేనినట్టు బిగుసుకుపోయి ఉన్నది, చేత్తోని రాలేదు, కొడవలితోని కోసి తీసిన. మెడ చుట్టు ఒరుసుకున్న మచ్చ మా బావకు ఇప్పటికీ ఉన్నది.

ఈ పీటీఓ షాఫ్ట్ 540 ఆర్పీఎం మీద తిరుగుతది, అంటే నిమిషానికి 540 చుట్లు, సెకనుకు 9 చుట్లు. ఏడున్నర సెంటీమీటర్ల మందం ఉన్న షాఫ్ట్ ఒక్క సెకండ్ల రెండు మీటర్ల బట్టను చుట్టుకుంటది. మనిషి ఉలిక్కిపడి చెయ్యి ఎనుకకు గుంజుకునే లోపే మీటరుకు మీటరు లోపలికి పోతది. లుంగీ అయినా అంతే, చీర కొంగు అయినా అంతే, విడిచిన జుట్టు అయినా అంతే. మా ఊర్ల ఎవ్వలకు లేదన్నవు, నిజమే, మన దిక్కు పది షాఫ్టులల్ల కవర్ ఉన్నయి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందరికీ లేకుంటే ప్రమాదం తక్కువైతదా?

నూర్పిడి మిషన్లల్ల కూలోల్ల చేతులు పోతున్నయని 1983ల కేంద్రం డేంజరస్ మెషీన్స్ రెగ్యులేషన్ చట్టం తెచ్చింది, చేతులు లోపలికి పోకుండ మిషన్ ఎట్ల ఉండాల్నో, దెబ్బ తగిలితే నష్టపరిహారం ఎట్ల ఇయ్యాల్నో అండ్ల రాసిన్రు. అది ముఖ్యంగ థ్రెషర్ల కోసం. గని షాఫ్ట్ కు కూడ అదే బుద్ధి పనికొస్తది, తిరిగేదానికి మనిషికి మధ్యల ఏదో ఒకటి అడ్డం ఉండాలె.

కొత్త కవర్ షాఫ్ట్ సైజు కొలిచి తీసుకపోతే స్పేర్ పార్ట్స్ షాపుల దొరుకుతది, దొరకకపోతే కవర్ తోని ఉన్న షాఫ్టే తీసుకోవాలె. వేసినంక రెండు గొలుసులు ఉంటయి, ఒకటి ట్రాక్టర్ కు ఒకటి మిషన్ కు తగిలియ్యాలె, అప్పుడు లోపల షాఫ్ట్ తిరిగినా పైన కవర్ తిరగది. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు కవర్ ను చేత్తోని తిప్పి చూడు, సులువుగ తిరగాలె. తిరగలేదంటే లోపల షాఫ్ట్ కు పట్టుకున్నది, నడిచేటప్పుడు దానితోపాటు తిరుగుతది, అట్లాంటి కవర్ ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. కవర్ బేరింగ్ కు కూడ గ్రీజు అడుగుతది, అది ఎవరు పెట్టరు, అందుకే తొందరగ పగులుతయి.

గ్రీజు విషయం. రెండు దిక్కుల క్రాసులకు 8 గంటలకోసారి, అంటే దినానికోసారి. లోపల జారే పైపులకు కూడ పెట్టాలె, అది ఎండిపోతే మిషన్ లేపినప్పుడు షాఫ్ట్ మూసుకపోక గేర్ బాక్స్ మీద తోస్తది. పైపులు ఒకదాంట్ల ఒకటి కనీసం మూడోవంతు పొడుగు దూరి ఉండాలె, అంతకన్న తక్కువైతే గుంతల పడ్డప్పుడు ఊడి వస్తది. షాఫ్ట్ విప్పి మళ్ళ వేసేటప్పుడు రెండు కొసల ఫోర్కులు (క్రాస్ ను పట్టుకునే కొమ్ములు) ఒకే వరుసల ఉండేటట్టు చూడు, ఒకటి అడ్డం ఒకటి నిలువు పెడితే కొత్త షాఫ్టైనా వణుకుతది, క్రాసులు నెలకోటి తింటది. ఇది తెల్వక ఎంతోమంది బ్లేడ్లు మారుస్తనే ఉంటరు. మిషన్ బాగ పైకి లేపి తిప్పొద్దు, మూల బాగ వంగితే క్రాస్ కొట్టుకుంటది, ఒడ్డు కాడ మలుపుకునేటప్పుడు పీటీఓ తీసి లేపు.

షాఫ్ట్ ఎక్కించినప్పుడు తాళం పిన్ను టక్ మని బయటికి వచ్చిందా చూసి, ఒకసారి ఎనుకకు గుంజి చూడు. అన్నట్టు మీ ట్రాక్టర్ కు రెండు స్పీడ్ల పీటీఓ ఉంటే 540 మీదనే నడుపు, 1000 మీద వేస్తే ఈ మిషన్ తట్టుకోది.

ప్రశ్న: షియర్ బోల్ట్ దినానికి రెండు మూడు తెగుతున్నయి, విసుగొచ్చి హై టెన్షన్ బోల్ట్ వేసినం, ఇప్పుడు తెగుతలేదు. పర్వాలేదు కదా? (మంథని)

జవాబు: ఇంట్ల ఫ్యూజ్ మాటిమాటికి పోతుందని మందపాటి రాగి తీగ కట్టినట్టున్నది ఈ పని. ఆ బోల్ట్ తెగేటందుకే పెట్టిన్రు. బ్లేడు మొద్దుకు తట్టుకుంటే బోల్ట్ తెగి మిగతాది బతుకుతది. ఇప్పుడు అది తెగకపోతే క్రాస్ తెగుతది, లేకుంటే గేర్ పళ్ళు, లేకుంటే ట్రాక్టర్ పీటీఓ లోపల. క్రాస్ తెగితే షాఫ్ట్ ఒక దిక్కు విడిచి కొట్టుకుంటది, డ్రైవర్ సీటు ఎంత దూరం ఉంటదో నీకు తెలుసు.

బుక్కుల రాసిన సైజు, గ్రేడ్ బోల్టే వెయ్యి, డబ్బ కొని టూల్ బాక్సుల పెట్టుకో. తర్వాత ఎందుకు తెగుతుందో చూడు: పీటీఓను ఇంజన్ స్పీడు మీద ఒక్కసారిగ వేస్తున్నవా, అది మొదటి కారణం, స్లో ల వేసి మెల్లగ స్పీడు పెంచాలె. పత్తి కట్టె మందంగ ఉన్న కాడ మూడో గేర్ల పోతున్నవా, గేర్ తగ్గించు, పీటీఓ స్పీడు తగ్గించకు. బ్లేడ్లు మొద్దుబారినయా, బోల్ట్ రంధ్రం సాగిందా. బోల్ట్ కు బదులు స్లిప్ క్లచ్ (బరువు ఎక్కువైతే జారే ప్లేట్లు) ఉన్న మిషన్లైతే వానకాలమంత ఊరికె ఉండి ప్లేట్లు తుప్పుకు అతుక్కుంటయి, సీజన్ ముందు వదులు చేసి ఒకసారి జారనిచ్చి బుక్కుల ఉన్న కొలతకు బిగించాలె.

ప్రశ్న: గేర్ బాక్స్ కింద ఆయిల్ కారుతుంది, సీల్ రెండు సార్లు మార్చినం, మళ్ళ అదే. (జమ్మికుంట)

జవాబు: సీల్ మార్చే ముందు మూడు చూడుండ్రి. ఒకటి, గేర్ బాక్స్ మీద గాలి రంధ్రం మూత ఉంటది, అది దుమ్ము బురద పట్టి మూసుకపోతే లోపల వేడికి ఒత్తిడి పెరిగి ఆయిల్ సీల్ కెళ్ళి తోసుకుని వస్తది. డీజిల్ తోని కడిగి ఊది చూడుండ్రి, సగం కేసులు ఇక్కడనే అయిపోతయి. రెండు, కింద షాఫ్ట్ చుట్టు నైలాన్ దారం, వైరు చుట్టుకుని సీల్ పెదవిని కోస్తది, కొత్త సీల్ వేసినా దారం అట్లనే ఉంటే వారానికే పోతది. మూడు, షాఫ్ట్ ఊగుతుందా, బేరింగ్ పోతే ఏ సీల్ ఆగది.

ఆయిల్ 90 నంబర్ గేర్ ఆయిల్, మీ బుక్కుల వేరే రాసి ఉంటే అదే. గ్రీజు కూరొద్దు, కొందరు కారుతుందని గ్రీజు నింపుతరు, గ్రీజు పళ్ళ కాడికి తిరిగి రాదు, ఎండిపోయి కాలుతయి. కొత్త మిషన్ల మొదటిసారి 50 గంటలకు మార్చాలె, ఇనుప రజను వస్తది. తీసిన ఆయిల్ మజ్జిగ లెక్క తెల్లగ ఉంటే నీళ్ళు పోయినట్టు. లెవల్ చూసుడు చల్లారినంకనే.

ఇంకో మాట, కట్టె సీజన్ల గేర్ బాక్స్ మీద ఎండు పొట్టు బెత్తెడు మందం పేరుకుంటది. కింద వేడి, పైన ఎండు పత్తి కట్టె పొడి. పూటకోసారి ఆపి చీపురుతోని ఊడ్వాలె, సైలెన్సర్ చుట్టు కూడ. ట్రాక్టర్ మీద ఒక 20 లీటర్ల నీళ్ళ క్యాన్ పెట్టుకోండ్రి.

ప్రశ్న: మా చెల్క రోడ్డు పక్కకు ఉన్నది, బడి పిల్లలు అటే పోతరు. పోయినసారి రాయి ఎగిరి బస్ స్టాప్ రేకుకు తగిలింది. (ములుగు రోడ్డు)

జవాబు: రేకుకు తగిలింది కాబట్టి బతికిపోయినం. ఈ మిషన్లు రాయిని వంద మీటర్ల దాక విసరగలుగుతయి. ముందు ఎనుక వేలాడే గొలుసులు చూడు, ఎన్ని తెగినయి? అవి అందానికి కాదు, ప్రతి గొలుసు ఒక రాయిని ఆపుతది. తెగినవన్నీ వేసి, అప్పుడే దిగు. మిషన్ ను నేలకు బాగ ఆనించి కొట్టకు, నాలుగు వేళ్ళ ఎత్తుల ఉండేటట్టు పక్క స్కిడ్లు (నేల మీద జారే ఇనుప పట్టీలు) సెట్ చేసుకో, రాయి తగలడం సగం తగ్గుతది. రోడ్డు పక్క నాలుగు సాళ్ళు బడి టైంల కాకుండ కొట్టు, తొమ్మిది గంటలప్పుడు, సాయంత్రం బడి విడిచినప్పుడు అటు దిక్కు పోనే పోకు. ఎవరన్నా దగ్గరికి వస్తుంటే, మేకలు కాసే పిల్లగాడైనా సరే, పీటీఓ తియ్యి. ఊరోడు చెయ్యి ఊపుకుంట వచ్చి మాట్లాడుతడు, మనం మిషన్ నడిపిచ్చుకుంటనే మాట్లాడుతం, ఆ అలవాటు మానాలె. మిషన్ మీద, డ్రాబార్ మీద, మడ్గార్డ్ మీద ఎవరిని కూసోబెట్టొద్దు, పిల్లలు ఏడ్చినా సరే.

ప్రశ్న: అన్నా నమస్తే. మా ఆయన నడుపుతడు, నేను ఎనుకంగ నడిచి మిగిలిన కట్టె ఏరుతున్న. దేవుని దయ వల్ల ఏం కాలేదు, గని ఏమన్నా అయితే ఏం చేయాల్నో తెల్వదు. చెప్పుండ్రి. (జనగామ జిల్లా)

జవాబు: చెల్లే, నీ ప్రశ్న చదివి చానసేపు కూసున్న. ముందు ఒకటి, మిషన్ నడిచేటప్పుడు ఎనుక నడవకు. ఆయన చెల్కంత కొట్టి మిషన్ ఆపినంక ఏరుకో, లేదంటే పక్క చెల్కల ఉండు. పని ఒక గంట లేటైతది, కానీయ్. మిషన్ కాడికి పోవాల్సి వస్తే కొంగు నడుముకు గట్టిగ చెక్కుకుని పైన అంగీ తొడుక్కో, జడ ముడి వేసి తువ్వాల లోపలికి కట్టుకో.

ఇంజన్ ఎట్ల ఆపాల్నో నువ్వు నేర్చుకో. ఇది అన్నిటికన్న పెద్ద మాట. ఆయనకే ఏమన్నా అయితే ఆ టైంల ఆపేది నువ్వే. స్టాప్ నాబ్ ఎక్కడుంది, పీటీఓ లీవర్ ఎటు గుంజాలె, ఇయ్యాల సాయంత్రం ఇంటి ముందట ఆయనను పక్కన నిలబెట్టుకుని నాలుగు సార్లు ఆపి చూడు. బట్ట తట్టుకున్నా, చెయ్యి పడ్డా, మనిషిని గుంజే ముందు ఇంజన్ ఆపాలె.

తర్వాత 108 కు ఫోన్. ఊరు పేరు, ఏ దారిన రావాలె, ఏ బాయి కాడ అని సరిగ చెప్పాలె, ఒకరిని రోడ్డు మీద నిలబెట్టాలె. రక్తం పోతుంటే శుభ్రమైన బట్ట మడిచి గాయం మీద గట్టిగ ఒత్తి పట్టాలె, తీసి తీసి చూడొద్దు, బట్ట తడిస్తే దాని మీదనే ఇంకోటి పెట్టి ఒత్తాలె. పసుపు, కాఫీ పొడి, కిరసనాయిలు ఏం పొయ్యొద్దు. వేలు తెగి పడితే దాన్ని మంచి నీళ్ళతోని మెల్లగ కడిగి, తడి పిండిన శుభ్రమైన బట్టల చుట్టి, ప్లాస్టిక్ కవర్ల వేసి మూతి కట్టి, ఆ కవర్ ను ఐసు నీళ్ళు పోసిన ఇంకో గిన్నెల పెట్టాలె. ఐసు నేరుగ వేలుకు తగలొద్దు, ఆ వేలు మల్ల అతికేందుకు పనికిరాకుండ పోతది. మనిషితోపాటే దాన్ని కూడ అంబులెన్స్ ల పంపాలె.

లిఫ్ట్ పైపులకెళ్ళి ఆయిల్ సన్నగ చిమ్ముతుంటే వేలు పెట్టి చూడొద్దని ఆయనకు చెప్పు, అట్ట ముక్క పెట్టి చూడాలె. ఆ ఒత్తిడికి ఆయిల్ చర్మం లోపలికి దూరుతది, పైన సూది గుచ్చినంత గాయమే కనబడ్తది, నొప్పి కూడ మొదట్ల తక్కువే ఉంటది, గని అదే రోజు ఆపరేషన్ చేయకుంటే చెయ్యి పోయేదాక వస్తది. అట్లయితే డాక్టర్ కు హైడ్రాలిక్ ఆయిల్ దూరింది అని నోరు తెరిచి చెప్పాలె.

ప్రశ్న: సీజన్ అయిపోయినంక మిషన్ ఎట్ల పెట్టాలె? (పెద్దపల్లి)

జవాబు: కడిగి ఎండబెట్టు, తడి పొట్టు కింద ఉంటే రేకు తింటది. బ్లేడ్లకు, షాఫ్ట్ పళ్ళకు గ్రీజు పూసి, గేర్ ఆయిల్ మార్చి, షాఫ్ట్ ను కింద మట్టిల పడెయ్యకుండ కొక్కానికి తగిలియ్యి. మిషన్ ను మొద్దుల మీద నిలకడగ కూసోబెట్టి, స్టాండ్ పిన్నులు వేసి, కోళ్ళు పిల్లలు కింద దూరకుండ చెయ్యి. పని చేస్తున్నప్పుడు వినబడ్డ చప్పుళ్ళు, వదులైన బోల్టులు ఇప్పుడే కాగితం మీద రాసి షెడ్డు తలుపుకు అంటియ్యి, వచ్చేడు వరకు యాదికుండవు. కొత్త బ్లేడ్లు, కవర్ కూడ ఇప్పుడే తెచ్చి పెట్టుకో, సీజన్ల షాపుల లైన్ ఉంటది, దొరకలేదని కవర్ లేకుండనే దిగుతరు.